చెట్టునీడయే తొలి లేపనము

వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున మాదాపురమునందలి సైబర్ టవర్సు కూడలిలో పది నిమిషములు నిలిచి చూచినవారికి మేము చెప్పబోవు దానిలో సగము చెప్పకయే బోధపడును. ఒక ప్రక్క ఆకాశము నంటుచున్న అద్దాల మేడలు. వానిలో చలువయంత్రముల క్రింద కూర్చుండి పనిచేయు యువతీయువకులు. మఱియొక ప్రక్క చీరకొంగు ముఖమునకు చుట్టుకొని వీథు లూడ్చు స్త్రీలు, ఇనుపచువ్వలు మోయు కూలీలు, వీపున పెట్టెలు తగిలించుకొని మోటారుసైకిళ్లపై అన్నపుపొట్లములు చేరవేయు పిల్లవాండ్రు. లోపలివారి మేజాబల్లపై ఎండను వారించు లేపనపు గొట్టము కలదు. వెలుపలివారి తలపై చెట్టు లేదు. ఈ రెండు సంగతులును వేర్వేఱు కావు; ఒకే సమస్యకు రెండు ముఖములు.

ఇటీవల మన నగరములలో సౌందర్యద్రవ్యముల అంగళ్లన్నింటను ఒక క్రొత్త మాట వినవచ్చుచున్నది. ఎండ చర్మమునకు చేయు కీడును మొక్కలే నివారించుననియు, పసుపు, వేప, కలబంద, కొబ్బరినూనెలుండగా రసాయనములతో పనిలేదనియు ప్రకటనలు ఘోషించుచున్నవి. ఇందు స్వదేశాభిమానమునకు సంతోషము కలిగించునది కొంత కలదు. మన అవ్వల వంటింటి వైద్యమునకు మరల గౌరవము వచ్చుచున్నదని సంతసించువారిలో మేమును ఒకరము. కాని అభిమానము వేఱు, పరీక్ష వేఱు. పరీక్షకు నిలువని అభిమానము తుదకు అమ్మువానికి లాభము, కొన్నవానికి నష్టముగా పరిణమించును. కావున ఈ విషయమును నిదానముగా విచారింపవలసి యున్నది.

మొదట ఎండ సంగతి చూతము. హైదరాబాదు భూమధ్యరేఖకు ఉత్తరమున 17 అంశలకు కొంచెము పైన నున్నది. ఏటికి రెండుమాఱులు, మే 9వ తేదీ ప్రాంతమునను ఆగస్టు 3వ తేదీ ప్రాంతమునను, సూర్యుడు సరిగా మన నడినెత్తికి వచ్చును. 2023 మే 9న మధ్యాహ్నము 12 గంటల 12 నిమిషములకు నిలువుగా పాతిన కఱ్ఱకు నీడయే లేకపోవుటను నగరవాసులు వింతగా చూచిరి. అది వింతయే గాని, హెచ్చరికయు నైనది. అతినీలలోహిత కిరణముల తీవ్రతను కొలుచుటకు ప్రపంచారోగ్యసంస్థ ఏర్పఱచిన సూచికలో 11 దాటినచో అత్యంత తీవ్రమని లెక్క. మన వేసవి మధ్యాహ్నములలో ఆ అంకె దాటుట సామాన్యము.

ఈ కిరణములలో మన చర్మమును చేరునవి రెండు తెగలు. 280 మొదలు 315 నానోమీటర్ల వఱకు గల పొట్టికిరణములు పైచర్మమును కాల్చి, జీవకణములలోని వారసత్వ పదార్థమును తెగగొట్టి ముడివేయును. 315 మొదలు 400 వఱకు గల పొడుగుకిరణములు లోతునకు దిగి చర్మపు బిగువును సడలించి, ముడుతలను, మంగుమచ్చలను కలిగించును. సామాన్యపు కిటికీ అద్దము మొదటివానిని చాలవఱకు ఆపును; రెండవవానిలో మాత్రము పెద్దభాగమును లోనికి విడుచును. కిటికీప్రక్క కూర్చుండువారు తాము ఎండలో లేమని నిశ్చింతగా నుండుట పొరపాటు. అయినను వారి నష్టము పిడికెడు. వీథిలోనివారి నష్టము గంపెడు.

ప్రకృతి మనలను నిరాయుధులనుగా ఎండలోనికి పంపలేదు. మన చర్మమునందలి నల్లని వర్ణద్రవ్యమే మొదటి గొడుగు. మనుష్యులు ఉష్ణదేశములలో నల్లబడుటకు కారణమేమని శాస్త్రజ్ఞులు చిరకాలము తర్కించిరి. 2000లో ప్రకటింపబడి నేడు విశేషముగా ఆదరింపబడుచున్న సిద్ధాంతము ప్రకారము, రక్తములో ప్రవహించు ఫోలిక్ ఆమ్లమను జీవపదార్థమును ఎండ నాశనము చేయకుండుటకే ఈ నల్లదనము నిలిచినది. గర్భస్థశిశువు వెన్నెముక సరిగా ఏర్పడుటకు ఆ పదార్థము అత్యవసరము. దానిని 1945 ప్రాంతమున అమెరికాలో ప్రయోగశాలయందు నిర్మించిన శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకుడు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. తెలుగువాడు కనిపెట్టిన మేలును తెలుగువాని నల్లని చర్మము యుగయుగములుగా కాపాడుచున్నదన్న మాట!

అట్టి చర్మమును చూచి సిగ్గుపడుట మనకెవరు నేర్పిరి? 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ యను పేరుతో వెలసిన తెల్లదనపు లేపనము 2020లో గ్లో అండ్ లవ్లీగా పేరు మార్చుకొన్నది. పేరు మాఱినది, సంతలో ఆశ మాఱలేదు. నేడు ఎండను వారించు లేపనమును సైతము పెక్కుమంది చర్మరక్షణకు గాక నల్లబడకుండుటకే కొనుచున్నారు. చర్మపు రంగులలోని భేదమున కొంతభాగము ఒక జీనులోని ఒకే అక్షరపు మార్పువలన కలుగుచున్నదని మన నగరమునందలి కణ, అణు జీవశాస్త్ర కేంద్రమువారు పాల్గొన్న 2013నాటి పరిశోధన వెల్లడించినది. ఒక అక్షరపు భేదమునకై ఆడుబిడ్డల పెండ్లిసంబంధములు తప్పించు పెద్దలు ఈ సంగతి యోచింతురుగాక. అయితే నల్లదనము గొడుగేగాని కోట కాదు. మనలో చర్మపు పుట్టకుఱుపు తెల్లజాతులలోకంటె చాల అరుదు. కాని మంగుమచ్చలు, అకాలపు ముడుతలు, కంటిపొరలు మనకును తప్పవు.

ఇక మొక్కల విషయము. జంతువు ఎండకు తాళలేనిచో లేచి నీడకు పోవును. మొక్కకు కాళ్లు లేవు. ఉదయమునుండి సాయంకాలమువఱకు నిలిచినచోటనే నిలిచి సూర్యుని భరింపవలెను. అందుచేత అది తన ఆకు పైపొరలో ఫ్లేవనాయిడులను పదార్థములను నింపుకొని అతినీలలోహితమును అక్కడనే మ్రింగివేయును. ఎండ హెచ్చినకొలది ఆ పదార్థములును హెచ్చును. కనుక మొక్కలలో ఎండను వారించు గుణము లేదనువాడు శాస్త్రమెఱుగనివాడు. కాని ఆకులో జీవముతో నున్నప్పుడు చేయు పనిని, నూఱి, వడగట్టి, మన బుగ్గపై పూసినప్పుడును అది చేయునా యన్నదే ప్రశ్న.

పసుపునే చూడుడు. 1995లో గాయములు మాన్పుటకు పసుపును వాడు పద్ధతిపై అమెరికాలో పేటెంటు హక్కు ఇయ్యబడగా, మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి పోరాడి 1997లో దానిని రద్దు చేయించినది. అది మనకు గర్వకారణమైన విజయము. కాని పసుపు మాదియని గెలిచినంతమాత్రమున పసుపునకు లేని గుణము రాదు. చీరపై పసుపుమరక పడినచో మన ఇంటి ఆడువారు ఏమి చేయుదురు? ఉతికి ఎండలో వేయుదురు, మరక తెల్లబడును. పసుపులోని రంగుపదార్థము ఎండకు తానే విఱిగిపోవునని ప్రయోగశాల చెప్పకముందే మన చాకిరేవులు చెప్పినవి. ఎండకు తానే నిలువని వస్తువు మనకు దినమంతయు గొడుగు పట్టగలదా? పసుపు వాపును తగ్గించును, సూక్ష్మజీవులను అణచును. అది దాని గౌరవము. లేనిపోని బిరుదు తగిలించుట గౌరవము కాదు.

సున్నిపిండి సంగతియు అట్టిదే. పెసరపిండి, కచ్చూరాలు, పసుపు కలిపి నలుగుపెట్టుట చక్కని ఆచారము. కాని నలుగు పెట్టినదానిని వెంటనే కడిగివేయుదుము. అది మలినమును పోగొట్టునదే గాని మధ్యాహ్నమున మనలను కాచునది కాదు. ఇక నూనెలు. 2010లో మన దేశపు పరిశోధకులు నూనెలను సారాయములో కరగించి యంత్రముతో కొలువగా కొబ్బరినూనెకు 7 పైచిలుకు, నువ్వులనూనెకు 2 లోపు రక్షణాంకములు వచ్చినవి. ఆ 7 అంకెను పట్టుకొని ఎన్నియో ప్రకటనలు బయలుదేఱినవి. 2016లో ప్రకటింపబడిన మఱియొక పరిశోధన, నూనెలుగాని పండ్లరసములుగాని ఎండను వారించు లేపనములకు బదులు కాజాలవని తేల్చినది. మొదటి అంకెయే నిజమనుకొన్నను, నేడు వైద్యులు చెప్పు కనీసము 30 అంకెకు అది ఎంత దూరము!

అంతకంటె ప్రమాదకరమైన సంగతి యొకటి కలదు. మొక్కలన్నియు ఎండను వారించునవి కావు. కొన్ని ఎండను పిలుచునవి. నిమ్మజాతి రసములలో, తొక్కలలో సోరలీనుల కుటుంబమునకు చెందిన పదార్థము లున్నవి. నిమ్మరసము ముఖమునకు రాచుకొని ఎండలోనికి పోయినవారికి కాలినట్లు బొబ్బలెక్కి, పిదప నెలలకొలది నల్లని చాఱలు మిగులుట వైద్యు లెఱిగినదే. మన వైద్యులు బొల్లిరోగమునకు బావంచాలు వాడి రోగిని ఎండలో కూర్చుండబెట్టిరి. అందులోని రహస్యము ఇదియే. బావంచాలలోని సోరలీను ఎండతో కలిసినప్పుడే చర్మమును మార్చును. అనగా మన పూర్వులకు మొక్కకును ఎండకును గల సంబంధము చక్కగా తెలియును. ఏ మొక్క ఎండకు మిత్రమో, ఏది శత్రువో వారు ఎఱుగుదురు. మొక్కయైన చాలు మేలే చేయునను నేటి అంగడిమాట వారి శాస్త్రము కాదు.

అయినచో మొక్కలలో ఆశయే లేదా? కలదు. సుగంధద్రవ్యములలో వాడు చంద్రమూలిక దుంపనూనెలో ప్రధానముగా నుండు పదార్థము సిన్నమిక్ ఆమ్లపు జాతిది. కర్మాగారములలో తయారగు ఒక ప్రసిద్ధ కిరణవారకమునకు అది దాయాది. 2001లో జర్మనీదేశమున 10 వారములు దినమునకు 40 గ్రాముల టమాటాముద్దను ఆలివునూనెతో భుజించినవారి చర్మము, భుజింపనివారి చర్మముకంటె సుమారు 40 శాతము తక్కువగా ఎఱ్ఱబాఱినది. తేయాకులోని పదార్థములు ఎండ చేసిన కీడును కొంత శమింపజేయునని ప్రయోగములు చూపుచున్నవి. ఇవి తోడు నడచు సేవకులు; యజమానులు కారు. తార్నాకలో 1944నుండి మూలములుగల భారత రసాయన సాంకేతిక సంస్థ ఈ నగరముననే యున్నది. నిజామాబాదు పసుపుపై, మన అడవి దుంపలపై ఈ విచారణ ఇక్కడ జరుగక మఱెక్కడ జరుగవలెను?

అంతవఱకు అంగడిలోని గొట్టము మాట ఏమి? మొక్కల బొమ్మలు ముద్రించిన గొట్టమును త్రిప్పి వెనుకనున్న చిన్న అక్షరములు చదువుడు. పెక్కింటిలో పని చేయునది మొక్క కాదు. జింకు ఆక్సైడో, మఱియొక రసాయనమో. జింకు ఆక్సైడు మనకు పరాయిది కాదు; మన వైద్యులు యశదభస్మమని వాడినది ముఖ్యముగా అదియే. దానిని దాచి కలబంద బొమ్మ చూపుట ఏల? 2019లో అమెరికా ఔషధశాఖ తన అంగడిలోని 16 కిరణవారకములను విచారించి, జింకు ఆక్సైడు, టైటానియము డయాక్సైడు అను రెండు మాత్రమే సురక్షితములనుటకు చాలినంత ఆధారము కలదని ప్రతిపాదించినది. ఆ 16లో మొక్కరస మొక్కటియు లేదు. అచ్చట ఇట్టి లేపనములు మందుల చట్టమునకు లోబడును. మనదేశమున సౌందర్యద్రవ్యములని మాత్రమే ఎంచబడుచున్నవి. గొట్టముపై అచ్చువేసిన అంకెను మనుష్యచర్మముపై పరీక్షించి నిరూపించుట విధియని శాసించుట ప్రభుత్వమునకు కష్టమైన పని కాదు.

అంకెయొక్క అర్థమును పాఠకులు తెలిసికొనవలెను. 15 అంకె పొట్టికిరణములలో నూటికి 93 పాళ్లను, 30 అంకె 97 పాళ్లను, 50 అంకె 98 పాళ్లను ఆపును. చర్మమునందు ఒక చదరపు సెంటీమీటరునకు 2 మిల్లీగ్రాములు పూసినప్పటి లెక్క యిది. మనవారు సగమైనను పూయరు. రెండుగంటల కొకమాఱు మరల పూయవలెను. చెమటపట్టినచో ఇంకను ముందుగనే. వీథి నూడ్చు స్త్రీ, సిమెంటుబస్తా మోయు కూలి తమ కూలిడబ్బుతో ఈ లెక్కచొప్పున లేపనము కొనగలరా? దినమునకు నాలుగుమాఱులు చేతులు కడిగికొని పూసికొనగలరా? ఎవరికి ఎండ హెచ్చో వారికే ఈ సాధనము అందనిదైనచో, దానిని ప్రజారక్షణమని ఎట్లందుము?

ఇచ్చటనే మొక్కలవలన కలుగు నిజమైన రక్షణ జ్ఞాపకమునకు రావలసి యున్నది. మొక్క మనకు మూడు విధముల గొడుగు పట్టును: రసముగా, వస్త్రముగా, నీడగా. ఈ మూడింటిలో రసము మిక్కిలి బలహీనము. వస్త్రము దానికంటె బలము. తెల్లగా చలువచేసిన పలుచని నూలుగుడ్డకంటె, చలువచేయని ఒత్తయిన నేతగుడ్డ ఎండను బాగుగా ఆపును. ప్రత్తిలోని సహజపదార్థములు అందు నిలిచియుండుటయే కారణము. కరక్కాయ, దానిమ్మతొక్క, నీలి మున్నగువానితో అద్దకము చేసినచో రక్షణ ఇంకను హెచ్చును. చీరాలలో పుట్టి, పుట్టపాకలో నేటికిని నిలిచిన తేలియా రుమాలును చూడుడు. నూలును నూనెలో నానబెట్టి ఎఱ్ఱరంగు పట్టించి నేసిన ఆ గుడ్డను జాలరులు, పశువుల కాపరులు తలకు చుట్టుకొనిరి. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. నేడది ధనికుల అలమారలలో చేరి, ఎండలో నుండువాని తల బోడిగా మిగిలినది. ఈ నగరమునందలి పెద్దసంస్థలు తమ వీథిపనివారికిచ్చు ఉడుపులను కృత్రిమపు దారముతో గాక మన మగ్గములపై ఒత్తుగా నేయించి, మెడను కప్పు తలపాగతో ఇచ్చినచో, పనివానికి రక్షణ, నేతగానికి అన్నము రెండును కలుగును.

అన్నింటికంటె బలమైనది చెట్టునీడ. ఆకు అతినీలలోహితమును దాదాపు అంతయు మ్రింగివేయును. అయితే ఇందొక సూక్ష్మము కలదు. ఈ కిరణములు సూర్యునినుండి మాత్రమే సూటిగా రావు; ఆకాశమంతటినుండి చెదరి వచ్చును. కనుక ఒంటరి చెట్టు సన్ననినీడలో నిలిచినవానికి ప్రక్కలనుండి తగులుచునే యుండును. గొడుగువలె విశాలముగా కప్పు మఱ్ఱి, రావి, చింత, వేప, కానుగల వరుస కావలెను. రహదారి నడుమ కొలతకు కత్తిరించి నిలిపిన అలంకారవృక్షము చూపునకు పచ్చన. నడచువానికి నీడ సున్న. 2015లో హరితహారము మొదలయినది. 2021లో ఈ నగరమునకు వృక్షనగరమను అంతర్జాతీయపు గుర్తింపును వచ్చినది. సంతోషమే. కాని చెట్లను మొలకల లెక్కతో గాక నీడయొక్క వైశాల్యముతో కొలుచు దినమెప్పుడు వచ్చును?

2025 మార్చి నెలాఖరున, ఐ.టి. సంస్థలకు స్థలమియ్యవలెనను తలంపుతో, హైదరాబాదు విశ్వవిద్యాలయము చెంత కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరములలో యంత్రములు దిగి చెట్లను కూల్చివేసినవి. విద్యార్థు లెదిరించిరి; ఏప్రిలు 3న సుప్రీముకోర్టు ఆ పనిని నిలిపివేసినది. చేవెళ్ల మార్గమునందలి సుమారు 900 మఱ్ఱిచెట్లు రహదారి విస్తరణకు అడ్డమను వివాదము హరితన్యాయస్థానము మెట్లెక్కినది. ఇఱుకుదారిలో ప్రాణములు పోవుచుండగా విస్తరణ వలదని మేమనము. కాని విస్తరణయనగా నఱకుటయేయను బుద్ధిమాంద్యమును మాత్రము అంగీకరింపము.

నీడ కల్పించుట మన పాలకులకు చేతగాని పని కాదు. 2023లో బాహ్యవలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల సైకిలుబాటకు సూర్యఫలకములతో పైకప్పు వేసిరి. విహారార్థము సైకిలు త్రొక్కువానికి 23 కిలోమీటర్ల నీడ! దానిని మేము నిందింపము, మెచ్చుకొందుము. ఆ బాటను నిర్మించిన కూలివానికి ఎన్ని గజముల నీడ దొరకినదని మాత్రము అడుగుదుము. 2025 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము వడగాలిని రాష్ట్రవిపత్తుగా ఎంచి, అందువలన మరణించినవాని కుటుంబమునకు 4 లక్షల రూపాయలు ప్రకటించినది. దయగల పనియే. కాని చచ్చినవానికి నాలుగు లక్షలు, బ్రతికియున్నవానికి నాలుగు ఆకుల నీడ లేకపోవుట ఏమి న్యాయము?

నగరమున చెట్లకు చోటెక్కడిదని కొందఱందురు. గజము లక్షలు పలుకు నేలలో వాహనములు నిలుపుటకు అంతస్తులకు అంతస్తులు త్రవ్వుచున్న మనకు మఱ్ఱికి చోటు లేదనుట నమ్మదగినది కాదు. చెట్టు పెరుగుటకు ఇరువది యేండ్లు పట్టునని మఱికొందఱందురు. సైబర్ టవర్సును అటల్ బిహారీ వాజపేయిగారు 1998 నవంబరులో ప్రారంభించిరి. నాడు వీథికిరువైపుల నాటియుండినచో నేడు ఆ కూడలిలో మధ్యాహ్నము పూట ఎండ పొడ కనబడకుండెడిది. ఇరువదియేండ్లు పట్టుననుట నేడు నాటుటకు కారణమగును గాని మానుటకు కాదు.

మా కోరికలు నాలుగు. లేపనపు అంకెను నిరూపించిన పిమ్మటనే అచ్చువేయవలెనని శాసింపవలెను. సైబరాబాదు వీథులలో నడకదారి కిరువైపుల విశాలవృక్షములు నాటి, నీడను కొలిచి ఏటేట ప్రకటింపవలెను. నిర్మాణవ్యయముపై కార్మికసంక్షేమార్థము వసూలు చేయు సుంకమునుండి పనివారికి నీడపందిరి, ఒత్తునేత తలపాగలు ఇచ్చి, ఎండాకాలమున మధ్యాహ్నపు గంటలలో వెలుపలి పనిని ఆపవలెను. నాలుగవది మన పాఠకులకు: గ్రామములలో పొలముగల పెద్దలు గట్టుమీది చింతను, బాటప్రక్క వేపను కట్టెకు అమ్మునప్పుడు, దాని క్రింద నాటుపని నడుమ నిమిషము కూర్చుండు కూలివానిని స్మరింతురుగాక. పట్టణములలోని పెద్దలు ఇంటిముందు వాహనమునకై కొట్టివేయు కానుగను మరల యోచింతురుగాక.

కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై ఇరువది రెండు శతాబ్దములకు పూర్వము అశోకుడు చెక్కించిన శాసనములు నేటికి నున్నవి. వానిలో నొకదానియందు ఆ చక్రవర్తి మనుష్యులకును పశువులకును పనికివచ్చు ఔషధమూలికలు నాటించితిననియు, బాటలవెంట చెట్లు పెట్టించితిననియు ఒకే ఊపిరిలో చెప్పుకొన్నాడు. ఆయన దృష్టిలో మూలికయు నీడయు వేర్వేఱు శాఖలు కావు. రెండును ప్రజలకు వైద్యమే. నేడు మూలికను గొట్టములోనికెక్కించి అమ్ముచు, నీడను నఱకి నేలను వేలము వేయుచున్నాము. మధ్యాహ్నపు సూర్యుడు మాత్రము మేడలోనివాడు, వీథిలోనివాడు అని చూడక సమముగా కురియుచున్నాడు. ఆయన సమదృష్టికి మన సమదృష్టియే మందు.